12 గంటల ఆసుపత్రి డ్యూటీ, జిడ్డు ముఖం, మేకప్: ఐసీయూ సిస్టర్ అడిగిన ప్రశ్నకు జవాబు

సిస్టర్, ఇదే ఇబ్బంది పడుతున్న మిగతావాళ్ళకూ సంగతి తెలియాలి కాబట్టి ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్ళీ రాస్తున్నాను. మీకు 25 ఏళ్ళు. విజయవాడలో ఒక ప్రైవేట్ ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సు. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు డ్యూటీ, నెలకో వారం నైట్లు. ఇంట్లోనే ఫౌండేషన్, కాంపాక్ట్ వేసుకుని స్కూటీ మీద బయల్దేరతారు. రౌండ్స్ అయ్యేసరికే ముక్కు, నుదురు జిడ్డు కారుతుంటాయి. దాని మీద మళ్ళీ కాంపాక్ట్ వేస్తే మధ్యాహ్నానికి అట్టలు కడుతుంది. మాస్కు కింద, దవడ దగ్గర మొటిమలు లేస్తున్నాయి. రోజుకు ఐదారుసార్లు సబ్బుతో కడుగుతున్నారు, అది కుదరనప్పుడు స్పిరిట్ దూదితో తుడుస్తున్నారు. నాలుగు నెలల్లో పెళ్లి. మేకప్ పూర్తిగా మానేయాలా అని అడిగారు.

మానేయక్కర్లేదు. తగ్గించాలి, వేసుకునే చోటు మార్చాలి, తీసే పద్ధతి మార్చాలి.

నేను చర్మవైద్యురాలిని. నా ఓపీకి వచ్చేవాళ్ళలో నర్సులు, హౌస్ సర్జన్లు, ల్యాబ్ టెక్నీషియన్లు, ఫ్రంట్ ఆఫీసులో కూర్చునే అమ్మాయిలు చాలామంది ఉంటారు. వాళ్ళ మాట వింటుంటే నాకు అర్థమయ్యేది ఒకటే. డ్యూటీలో ఉన్నంతసేపూ ముఖాన్ని కడుగుతారు, తుడుస్తారు, మళ్ళీ పూస్తారు. ఇంటికొచ్చాక ఓపిక ఉండదు, అలాగే పడుకుంటారు. మీరు దీన్ని తిరగేయాలి. డ్యూటీలో ముఖాన్ని వీలైనంత వదిలేయండి. ఇంట్లో, పడుకునే ముందు, ఐదు నిమిషాలు శ్రద్ధగా ఇవ్వండి.

మొదట ఈ జిడ్డు సంగతి. నుదురు, ముక్కు, గడ్డం భాగాల్లో తైలగ్రంథులు చాలా ఎక్కువ. ఆ గ్రంథులను నడిపేది ఆండ్రోజెన్ హార్మోన్లు. మీరు ఎన్నిసార్లు కడిగినా గ్రంథికి ఆ సంగతి తెలియదు. పైనున్న నూనె పోతుంది, కొన్ని గంటల్లో మళ్ళీ నిండుతుంది. కడిగితే నూనె ఇంకా ఎక్కువ ఊరుతుందని కొందరంటారు, దానికి గట్టి ఆధారం లేదు. కడిగితే ఊరడం తగ్గుతుందన్నది మాత్రం కచ్చితంగా నిజం కాదు. వేడి ప్రభావం చూపిస్తుంది. చర్మం ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే నూనె విడుదల సుమారు 10 శాతం పెరుగుతుందని ఎప్పుడో తేలింది. మధ్యాహ్నం వేళ సహజంగానే ఎక్కువ ఊరుతుంది. మే నెల బెజవాడ ఎండలో స్కూటీ ప్రయాణం, తర్వాత గంటల తరబడి మాస్కు. ఇక మధ్యాహ్నానికి ముఖం మెరవకుండా ఎలా ఉంటుంది? అది మీ తప్పూ కాదు, జబ్బూ కాదు.

ఇప్పుడు స్పిరిట్ దూది. దీని గురించి కాస్త గట్టిగానే చెప్తాను, ఎందుకంటే ఆసుపత్రిలో పనిచేసేవాళ్ళలో తప్ప ఈ అలవాటు ఇంకెక్కడా చూడలేదు. ట్రాలీ మీద స్వాబ్ అందుబాటులో ఉంటుంది. ముక్కు మీద ఒక్కసారి తుడిస్తే దూది గోధుమ రంగుకు తిరుగుతుంది, చల్లగా ఉంటుంది, ముఖం శుభ్రపడ్డట్టు అనిపిస్తుంది. ఆ దూదికి అంటింది మీ ఫౌండేషన్, పైనున్న నూనె. వాటితోపాటు చర్మకణాల మధ్య ఉండే కొవ్వు పదార్థం కూడా కొంత పోతుంది. చర్మంలోని నీరు ఆవిరైపోకుండా ఆపేది అదే. అది పోయాక ఏసీ గాలి తగిలితే పైన జిడ్డు, లోపల ఎండు. ముక్కు పక్కన సన్నగా పెచ్చులు లేస్తాయి, ఫౌండేషన్ ఆ పెచ్చులకు పట్టుకుంటుంది. మీరు అట్టలు అంటున్నదాంట్లో చాలా భాగం ఇదే. వార్డులో ఉండే క్లోర్‌హెక్సిడిన్ స్క్రబ్, బీటాడిన్ స్క్రబ్ కూడా ముఖానికి వాడొద్దు. క్లోర్‌హెక్సిడిన్ కంట్లో పడితే కార్నియా, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొర, దెబ్బతింటుంది.

సబ్బు కూడా పక్కన పెట్టండి. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాలను కొలిచే అంకె) 9, 10 దాకా, అంటే క్షారంగా ఉంటుంది. చర్మం సహజంగా 5 దరిదాపుల్లో, కొంచెం ఆమ్లంగా ఉంటుంది. సబ్బు లేని జెల్ క్లెన్సర్ ఏదైనా చాలు. 2 శాతం లోపు సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది అయితే ఇంకా మంచిది, ఎందుకంటే అది నూనెలో కరుగుతుంది, రంధ్రాల్లోకి దిగి మూసుకున్న వాటిని వదులు చేస్తుంది. రోజుకు రెండుసార్లు కడిగితే సరిపోతుంది. బాగా చెమట పట్టిన రోజు మూడోసారి మామూలు నీళ్ళతో కడగండి, అంతే. కడిగిన తర్వాత ముఖం బిగుసుకున్నట్టు ఉంటే ఆ క్లెన్సర్ మీకు పడలేదని అర్థం. బిగుతుగా ఉంటేనే శుభ్రమైనట్టు అని మనకు చిన్నప్పటి నుంచి అలవాటు చేశారు. అది వదిలేయండి.

జిడ్డు చర్మానికి మాయిశ్చరైజర్ ఎందుకని చాలామంది మానేస్తారు. ఐసీయూలో 12 గంటలు ఏసీలో ఉండే మీకు అది కావాలి. జెల్ రకం, పల్చనిది, బఠాణీ గింజంత తీసుకోండి. అందులో నియాసినమైడ్ (విటమిన్ బీ3లో ఒక రకం) ఉంటే రెండు పనులు అవుతాయి. 2 శాతం నియాసినమైడ్ కొన్ని వారాలు వాడితే నూనె విడుదల కొంత తగ్గినట్టు పరిశోధనల్లో తేలింది, మొటిమల మచ్చలకూ సాయపడుతుంది. 10 శాతం, 15 శాతం అని సీసా మీద పెద్ద అంకె వేసి అమ్మేవాటికి ఎగబడాల్సిన పనిలేదు. కొందరికి వాటితో మంట, ఎరుపు వస్తాయి.

దాని మీద సన్‌స్క్రీన్. ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన, జెల్ రకం లేదా మ్యాట్ అని రాసి ఉన్నది. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు తీస్తే ముఖానికి, మెడకు సరిపోతుంది. మన చర్మపు రంగుకు ఐరన్ ఆక్సైడ్ కలిపిన, లేత రంగున్న సన్‌స్క్రీన్ అంటే నాకు ఇష్టం. మామూలు వెలుతురు వల్ల కూడా మొటిమల మచ్చలు నల్లబడతాయి, దాన్ని ఐరన్ ఆక్సైడ్ అడ్డుకుంటుంది. పైగా ఆ రంగే సగం ఫౌండేషన్ పని చేస్తుంది. ఇలాంటిది ఒకటి మీకు నప్పితే రోజువారీ ఫౌండేషన్ అవసరం ఉండకపోవచ్చు.

అసలైన మార్పు ఇక్కడ చేయాలి. ఇంట్లో మేకప్ వేసుకోకండి.

మీరు స్కూటీ మీద వెళ్తున్నానన్నారు. అంటే ముఖానికి చున్నీ చుట్టుకుని, పైన హెల్మెట్ పెట్టుకుంటారు. చున్నీ లోపల వేడి, చెమట, రాపిడి. ఫౌండేషన్‌లో సగం చున్నీకి అంటుతుంది, మిగతా సగం చెమటతో కలిసి రంధ్రాల్లో చేరుతుంది. రేపు పొద్దున మళ్ళీ అదే చున్నీ. ముక్కు దూలం మీద, దవడ గీత వెంట మొటిమలు వచ్చినవాళ్ళను నేను మొదట అడిగేది చున్నీ ఎన్నాళ్ళకోసారి ఉతుకుతారని. ఇంటి దగ్గర సన్‌స్క్రీన్ వరకే వేసుకోండి. శుభ్రమైన కాటన్ చున్నీ రోజుకొకటి వాడండి. హెల్మెట్ లోపలి పట్టీని కూడా అప్పుడప్పుడు తుడవండి. ఆసుపత్రికి ఒక పది నిమిషాలు ముందు చేరి, డ్రెస్సింగ్ రూమ్‌లో ఫ్యాన్ కింద చెమట ఆరనివ్వండి. యూనిఫాం మార్చుకుని, జడ ముడి వేసుకుని, నెట్ పెట్టుకునేలోపు ముఖం చల్లబడుతుంది. అప్పుడు టిష్యూతో అద్ది, మేకప్ వేసుకోండి. చల్లబడిన ముఖం మీద వేసింది నిలిచినట్టు వేడి ముఖం మీద వేసింది నిలవదు.

ఎంత వేసుకోవాలి? మాస్కు కప్పే భాగానికి ఏమీ వద్దు. ముక్కు కింద సగం నుంచి గడ్డం దాకా సన్‌స్క్రీన్ తప్ప ఇంకేదీ పెట్టకండి. ఎవరికీ కనిపించని చోట మేకప్ మాస్కుకు అంటడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. పై భాగంలో కళ్ళ కింద నలుపుకు, మచ్చల మీద, కన్సీలర్ చుక్కలుగా పెట్టి వేలి కొసతో తట్టండి. రుద్దితే కింద సన్‌స్క్రీన్ కూడా లేచిపోతుంది. నుదురు, ముక్కు బాగా మెరిసేవాళ్ళు అక్కడ మాత్రం సిలికాన్ ప్రైమర్ పల్చగా వేసుకోవచ్చు. అందులో ఉండే డైమెథికోన్ అనే సిలికాన్ రంధ్రాలు మూసేస్తుందని భయపడతారు గానీ, అది మొటిమలు తెప్పించే పదార్థం కాదు. పైన లూజ్ పౌడర్, అదీ జిడ్డు వచ్చే చోటే. పఫ్‌కు కొంచెం తీసుకుని, దులిపి, చర్మం మీద నొక్కి పట్టి తీయండి. డబ్బా మీద నాన్ కొమెడోజెనిక్, అంటే రంధ్రాలు మూసెయ్యదు, అని ఉంటే మంచిదే, కానీ ఆ మాట రాయడానికి కచ్చితమైన పరీక్ష అంటూ ఏదీ తప్పనిసరి కాదు. మీ ముఖానికి పడిందా లేదా అన్నది ఒక నెల వాడితేనే తెలుస్తుంది. కొత్తవి ఒకేసారి మూడు మొదలుపెట్టకండి. మొటిమ లేస్తే దేనివల్లో చెప్పలేం.

డ్యూటీ మధ్యలో చేయాల్సింది ఒక్కటే, అద్దడం. జిడ్డు మీద పౌడర్ వేస్తే అది పిండి కలిపినట్టే. ముందు నూనె తీయాలి. బ్లాటింగ్ పేపర్ లేదా రెండు పొరలు విడదీసిన మామూలు టిష్యూ చాలు. ముక్కు పక్కన పెట్టి రెండు మూడు సెకన్లు నొక్కండి, పక్కకు లాగకుండా నేరుగా పైకి తీయండి. కాగితం మీద నూనె మచ్చ కనిపిస్తుంది, కింద సన్‌స్క్రీన్ అలాగే ఉంటుంది. అలా నుదురు, ముక్కు, గడ్డం. చాలామందికి అక్కడితోనే సరిపోతుంది. ఇంకా కావాలంటే అప్పుడు కొంచెం పౌడర్. టీ బ్రేక్‌లో ఒకసారి, భోజనం తర్వాత ఒకసారి చాలు.

కానీ ఎలా అద్దుతారన్నది కూడా ముఖ్యమే. మీది ఐసీయూ. వెంటిలేటర్ మీద పేషెంట్ ఉంటాడు, సక్షన్ చేసి వస్తారు. ముఖం ముట్టుకునే ముందు చేతులు హ్యాండ్ రబ్‌తో పూర్తిగా 20, 30 సెకన్లు రుద్దుకోండి. అద్దిన తర్వాత మళ్ళీ రుద్దుకునే బెడ్ దగ్గరకు వెళ్ళండి. మన ముక్కు లోపల స్టాఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా ఉండటం చాలా మామూలు. ముక్కు పక్కన పెట్టిన వేలు నేరుగా సెంట్రల్ లైన్ (పేషెంట్ పెద్ద రక్తనాళంలో పెట్టే గొట్టం) మీదకు వెళ్ళకూడదు. గ్లౌజులతో ముఖం ముట్టుకోవడం ఎప్పుడూ వద్దు. వాడిన టిష్యూ యూనిఫాం జేబులో పెట్టకండి, పడేయండి. ఇదంతా మీకు తెలుసు, తొందరలో మర్చిపోతాం కాబట్టి రాస్తున్నాను.

డ్రెస్సింగ్ రూమ్‌లో ఒకే కాంపాక్ట్ నలుగురైదుగురు వాడటం, ఒకే కాటుక అందరూ పెట్టుకోవడం కూడా చూస్తుంటాను. స్నేహం కొద్దీ చేస్తారు, ఎవరైనా అడిగితే లేదనడం కష్టమే. అయినా పఫ్ అనేది నూనె, చెమట, పౌడర్ కలిసి తడిగా ఉండే చోటు. వారానికి రెండుసార్లు సబ్బునీళ్ళతో ఉతికి ఎండలో ఆరేయకపోతే మీ పఫ్ మీకే మంచిది కాదు, ఇంకొకరిది అసలే వద్దు. కాటుక పంచుకుంటే కళ్ళకలక ఒకరి నుంచి ఇంకొకరికి వార్డంతా తిరుగుతుంది.

కాటుక జిడ్డు చర్మం మీద ఎంత ఖరీదైనదైనా కారుతుంది. కింది రెప్ప లోపలి అంచుకు పెట్టకుండా పై రెప్పకు మాత్రం వాటర్‌ప్రూఫ్ ఐలైనర్ సన్నగా గీయండి. మాస్కు నుంచి పైకి వచ్చే తేమకు కింది కాటుక అరగంట నిలవదు, కళ్ళ కింద నల్లటి చారలు మిగులుతాయి. ఇక స్టిక్కర్ బొట్టు. రోజూ పెట్టే చోట దురద, ఎరుపు వచ్చినా, చర్మం తెల్లబడుతున్నట్టు కనిపించినా వెంటనే ఆపేయండి. కొన్ని స్టిక్కర్ల జిగురులో ఉండే పారా టెర్షరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం వల్ల అక్కడ తెల్లమచ్చ ఏర్పడుతుంది, తర్వాత రంగు తిరిగి రావడం చాలా కష్టం. పెళ్లికి ముందు ఆర్టిఫిషియల్ గోళ్ళు పెట్టించుకోవాలన్న ఆలోచన ఉంటే, సెలవు మొదలయ్యాకే పెట్టించుకోండి. రోగులను నేరుగా తాకే సిబ్బంది కృత్రిమ గోళ్ళు పెట్టుకోకూడదని, సొంత గోళ్ళు అర సెంటీమీటరు లోపే ఉంచుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాల్లో చెప్పింది.

మాస్కు సంగతికి వస్తే, దవడ మొటిమలకు రాపిడి, వేడి, తేమ మూడూ కారణమే. సర్జికల్ మాస్కు తడిసిందంటే మార్చండి, ఒకటే పొద్దుటి నుంచి సాయంత్రం దాకా లాగకండి. మేకప్ అంటిన ఎన్95ను మడిచి మర్నాటికి దాచుకోకండి. ఎన్95 అంచు కూర్చునే చోట మందంగా క్రీము ఉంటే మాస్కు జారుతుంది, గాలి పక్కల నుంచి దూరుతుంది. అందుకే మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ డ్యూటీకి కనీసం అరగంట ముందే వేసుకోవాలి. ముక్కు దూలం మీద పుండు పడుతుంటే కొందరు బెడ్‌సోర్లకు వాడే హైడ్రోకొల్లాయిడ్ ముక్క కత్తిరించి అంటిస్తారు. దానివల్ల మాస్కు అమరిక మారుతుంది. పెట్టుకున్నప్పుడల్లా రెండు చేతులూ మాస్కు మీద పెట్టి గట్టిగా ఊది, అంచుల నుంచి గాలి వస్తోందేమో చూసుకోవాల్సిందే. అదే హైడ్రోకొల్లాయిడ్ ముక్క ఇంట్లో పడుకునేముందు పక్వానికి వచ్చిన మొటిమ మీద అంటించుకుంటే గిల్లకుండా ఆపుతుంది. దుకాణాల్లో పింపుల్ ప్యాచ్ పేరుతో అమ్మేది చాలావరకు అదే.

ఇక ఇంటికొచ్చాక. ఇక్కడే నేను చాలామందిని బతిమాలుకుంటాను. రాత్రి తొమ్మిదింటికి ఇల్లు చేరి, అన్నం తిని, ఫోన్ పట్టుకుని అలాగే నిద్రపోవద్దు. తలుపు తీసి లోపలికి రాగానే ముఖం సంగతి చూడండి, కూర్చుంటే ఇక లేవరు. మేకప్ తీయడానికి అమ్మే మైసెల్లార్ నీళ్ళతో తడిపిన దూది కళ్ళ మీద పది సెకన్లు ఉంచి మెల్లగా దించండి, తర్వాత ముఖమంతా. ఆపైన క్లెన్సర్‌తో కడగండి. కొబ్బరినూనెతో మేకప్ తీసే అలవాటు ఉంటే మానండి. మేకప్ బాగానే వస్తుంది గానీ, జిడ్డు చర్మం మీద మిగిలిపోయిన కొబ్బరినూనె రంధ్రాలను మూస్తుంది.

నైట్ల వారంలో అందరూ తికమకపడేది ఒకటుంది. నైట్ క్రీము రాత్రే పూయాలని డ్యూటీకి వెళ్ళేముందు పూసుకుంటారు. మీ రాత్రి అంటే మీరు నిద్రపోయే సమయం. ఉదయం ఎనిమిదిన్నరకు ఇంటికొచ్చి, కర్టెన్ వేసుకుని పడుకునేముందు పూయాల్సిన మందు అప్పుడే పూయండి. సన్‌స్క్రీన్ రాత్రి డ్యూటీ ఎక్కేముందు అక్కర్లేదు, ఉదయం దిగి ఎండలోకి వచ్చేముందు వేసుకోవాలి. చిన్న ట్యూబ్ ఒకటి లాకర్లో ఉంచుకోండి.

మందుల దగ్గర మీకు ఒక ప్రమాదం ఉంది. బయటివాళ్ళకు లేనిది. మీరు నర్సు. కింద ఫార్మసీలో పేరు చెప్తే చాలు, చీటీ లేకుండా ఇచ్చేస్తారు. కారిడార్‌లో ఎదురైన డాక్టరు నడుస్తూనే ఏదో ఒకటి చెప్పేస్తారు. అలా చేతికి వచ్చే ట్యూబుల్లో నేను ఎక్కువగా భయపడేది స్టెరాయిడ్ కలిపినవాటికి. బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ అన్న పేర్లు చూడండి. హైడ్రోక్వినోన్, ట్రెటినోయిన్‌లతో మొమెటాసోన్ కలిపిన క్రీము మన ఊళ్ళల్లో ఫెయిర్‌నెస్ క్రీములాగా చేతులు మారుతోంది. పూసిన వారానికే ముఖం తేటగా, నున్నగా అవుతుంది, మొటిమలు కూడా అణిగిపోతాయి. తోటి సిస్టర్లు ఏం వాడుతున్నావని అడుగుతారు, ట్యూబ్ ఫోటో అందరి ఫోన్లలోకీ వెళ్తుంది. కొన్ని నెలలకు చర్మం పల్చబడుతుంది, సన్నటి రక్తనాళాలు కనిపిస్తాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది, ఎండలోకి వెళ్తే మంట. ఆపితే ఒక్కసారిగా మొటిమలు, ఎరుపు తిరగబడతాయి, భయపడి మళ్ళీ పూస్తారు. చర్మవైద్యుల జాతీయ సంఘం ఐఏడీవీఎల్ దీని మీద ఏళ్ళ తరబడి పోరాడుతోంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు పలు రకాలను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది, అంటే చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అమ్ముతున్నారు. మీ దగ్గర అలాంటిది ఉంటే కొత్తగా మొదలుపెట్టకండి. ఇప్పటికే కొన్నాళ్ళుగా పూస్తుంటే మాత్రం మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకుండా చర్మవైద్యులకు చూపించండి, మెల్లగా తప్పించే పద్ధతి ఉంది.

మరి ఏది వాడాలి? మీరు చెప్పినదాన్నిబట్టి మొటిమలు ఒక మోస్తరువి. డాక్టరు చూసి సరేనంటే 0.1 శాతం అడాపలీన్ జెల్ మంచి మందు. మొదట్లో రోజు విడిచి రోజు, ముఖమంతటికీ కలిపి బఠాణీ గింజంత. ఒక్కో మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, మొటిమలు వచ్చే భాగమంతా పల్చగా పూయాలి. మంట పుడితే ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద పూయండి. మొదటి కొన్ని వారాలు పొడిబారుతుంది, ఒక్కోసారి మొటిమలు పెరిగినట్టు కూడా ఉంటుంది. ఫలితం చూడాలంటే మూడు నెలలు పడుతుంది. బెంజాయిల్ పెరాక్సైడ్ అయితే 2.5 శాతం చాలు, 10 శాతం వల్ల మేలు పెద్దగా పెరగదు, మంట పెరుగుతుంది. అది బట్టల రంగు లాగేస్తుంది. మెరూన్ యూనిఫాం కాలర్ మీద నారింజ మచ్చలు పడ్డాక గానీ కొందరికి తెలియదు, తెల్లటి తువ్వాలు, తెల్లటి దిండు గలీబు వాడండి.

నుదుటి మీద ఒకే సైజులో, దురదగా, సన్నటి పొక్కులు గుంపుగా ఉంటే అవి మామూలు మొటిమలు కాకపోవచ్చు. ఫంగస్ వల్ల వచ్చే ఫాలిక్యులైటిస్‌కు (వెంట్రుక కుదుళ్ళ వాపుకు) యాంటీబయాటిక్ వాడితే ఇంకా పెరుగుతుంది. చుండ్రు ఉన్నవాళ్ళలో, తలకు నూనె బాగా పెట్టి బిగుతుగా ముడి వేసి పైన క్యాప్ పెట్టుకునేవాళ్ళలో నుదుటి బాధ ఎక్కువ. తలకు నూనె పెట్టాలంటే సెలవు రోజు పెట్టుకుని రెండు మూడు గంటల్లో తలంటుకోండి. నూనె తలతో పడుకుంటే ఆ నూనె దిండు నుంచి బుగ్గకు చేరుతుంది.

ఇక తిండి సంగతి. పకోడీ తింటే ఆ నూనె ముఖంలోకి రాదు. చక్కెర, మైదా సంగతి వేరు. రక్తంలో చక్కెరను త్వరగా పెంచే తిండికి, మొటిమలకు సంబంధం ఉందని చూపే పరిశోధనలు ఉన్నాయి. నైట్ డ్యూటీలో రెండు చెంచాల చక్కెర టీ మూడు నాలుగు సార్లు, మధ్యలో క్రీమ్ బిస్కెట్లు, అదే చూసుకోవాల్సింది. ఇంటి నుంచి వేరుశనగలు, ఉడికించిన శనగలు, గుడ్డు తీసుకెళ్ళండి.

ఇంకొకటి మీరు రాయలేదు, నేనే అడుగుతున్నాను. నెలసరి సరిగ్గా వస్తోందా? గడ్డం కింద, పై పెదవి మీద వెంట్రుకలు గట్టిపడుతున్నాయా? ఈ మధ్యే బరువు పెరిగారా? వీటిలో ఏదైనా ఉంటే, దవడ మొటిమలు నెలసరికి ముందు ఎక్కువవుతుంటే, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల సమస్య) కోసం పరీక్ష చేయించుకోవాలి. నైట్ డ్యూటీల వల్లే నెలసరి తప్పుతోందని సర్దిచెప్పుకుని ఏళ్ళు గడిపినవాళ్ళు నా దగ్గరకు వస్తుంటారు. అలాంటి వాళ్ళకు ముఖానికి ఏ క్రీము పూసినా సగం పనే అవుతుంది.

పెళ్లికి నాలుగు నెలలుంది కాబట్టి సమయం చాలు, ఈ వారమే మొదలుపెడితే. బ్లీచ్ వద్దు. పార్లర్‌లో మొటిమలు, బ్లాక్‌హెడ్స్ పిండే ఫేషియల్ వద్దు. పీల్ (మందు పూసి చర్మం పైపొర ఊడేలా చేసే చికిత్స) చేయించుకోవాలనుంటే చర్మవైద్యుల దగ్గర ముందుగానే మొదలుపెట్టి, చివరిది పెళ్లికి కనీసం రెండు వారాల ముందే ముగించండి. అడాపలీన్ వాడుతుంటే ముఖానికి వ్యాక్సింగ్, థ్రెడింగ్‌కు వారం ముందు ఆపండి, లేకపోతే చర్మం లేచిపోతుంది. పెళ్లికూతుర్ని చేసే రోజు నలుగు పెట్టే పెద్దవాళ్ళకు ముందే చెప్పండి, చేతులకు, కాళ్ళకు ఎంత రుద్దినా ఫర్వాలేదు, ముఖానికి పసుపు తాకించి వదిలేయమని. సున్నిపిండి బరకగా ఉంటుంది, మందు వాడుతున్న ముఖం మీద గట్టిగా రుద్దితే మండి ఎర్రబడుతుంది. పెళ్లి మేకప్ చేసే అమ్మాయితో ట్రయల్ కనీసం మూడు వారాల ముందు పెట్టుకోండి, ఏదైనా పడకపోతే తగ్గడానికి సమయం ఉంటుంది.

డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు పెళ్లి తేదీ తప్పకుండా చెప్పండి. మీరు అడగకుండానే ఎవరైనా ఐసోట్రెటినోయిన్ మాత్రలు మొదలుపెడితే బాగా ఆలోచించండి. జిడ్డును అంత తగ్గించే మందు ఇంకొకటి లేదు, కానీ గర్భంలోని బిడ్డకు తీవ్రమైన లోపాలు కలిగిస్తుంది, వాడుతున్నంతకాలం, ఆపిన తర్వాత కనీసం ఒక నెల వరకు గర్భం రాకూడదు. పూత మందే అయినా పెళ్లయ్యాక పిల్లల కోసం చూస్తున్నామనుకున్న రోజే అడాపలీన్ కూడా ఆపేయండి. దాని బదులు అజెలాయిక్ యాసిడ్ రాయించుకోండి, గర్భంతో ఉన్నప్పుడూ వాడదగ్గది, మచ్చలకూ పనిచేస్తుంది.